పాత వెండి రూపాయిని నీళ్లలో తూచి చూడడం ఎలా

గుంటూరు పట్నంబజారులో అయినా, విజయవాడ వన్‌టౌన్‌లో అయినా పాత రూపాయి అమ్మబోయే ముందు దాన్ని ఇంట్లోనే నీళ్లలో తూచి చూసుకోండి. ఉత్త బరువు చూసి నమ్మితే మోసపోతారు. బ్రిటిష్ కాలపు రాణి బొమ్మ, రాజు బొమ్మ రూపాయి అసలు తూకం 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత తులం. కానీ 1835 నుంచి 1939 దాకా వేసిన వాటిలో 91.7 శాతం వెండి ఉంటే, 1940-45 వాటిలో ఉన్నది సగమే. తూకం మాత్రం రెండింటికీ ఒకటే.

ముందు అయస్కాంతం పెట్టండి. వెండి అంటుకోదు. వెనక పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి టక్కున అంటుకుంటుంది, ఎందుకంటే అది పూర్తిగా నికెల్. దాన్ని వెండి అనుకుని బీరువాలో దాచినవాళ్లు చాలామందే ఉంటారు.

తర్వాత 0.01 గ్రాము దాకా చూపే జేబు కాటా కావాలి. వాటిలో చాలావరకు 200 గ్రాములకు మించి మోయవు, అందుకే స్టీలు గ్లాసు వద్దు, తేలికపాటి ప్లాస్టిక్ కప్పు వాడండి. రూపాయిని పొడిగా తూచి అంకె రాసుకోండి. కప్పులో ముప్పావు వంతు నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. రూపాయికి సన్నని నైలాన్ పోగును అడ్డంగా, నిలువుగా చుట్టి, రెండు పుస్తకాల దొంతుల మీద పెట్టిన పెన్సిలుకు వేలాడదీయండి. చేత్తో పట్టుకుంటే అంకె నిలవదు. రూపాయి పూర్తిగా మునగాలి, అడుగుకు గానీ అంచుకు గానీ తగలకూడదు.

ఇప్పుడు కాటా చూపేది రూపాయి బరువు కాదు, అది పక్కకు నెట్టిన నీళ్ల బరువు. నీళ్లు రూపాయిని ఎంత బలంతో పైకి నెడతాయో, రూపాయి నీళ్లను అంతే బలంతో కిందికి నొక్కుతుంది. పొడి బరువును ఈ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది.

11.66 గ్రాముల రూపాయి 1.13 చూపితే సాంద్రత 10.3, మంచి వెండి. 1.22 చూపితే 9.6, సగం వెండి. 1.37 దగ్గరకొస్తే 8.5, అది ఇత్తడి మీద పూత. అరిగిపోయి 11.40 మాత్రమే తూగే రూపాయి 1.11 చూపితే కంగారుపడకండి, లెక్క మళ్లీ 10.3కే వస్తుంది. ఈ పద్ధతి గొప్పతనం ఇదే: అరుగుదలకు బరువు తగ్గుతుంది, సాంద్రత మారదు. కృష్ణ అవతలి నిజాం సీమ నుంచి వచ్చిన, రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి చార్మినార్ రూపాయిది వేరే కొలత: 11.18 గ్రాములు, 81.8 శాతం వెండి, సాంద్రత సుమారు 10.2.

అంకె తేడాగా వస్తే ముందు బుడగలు చూడండి. రూపాయికి పట్టిన గాలి దాని పరిమాణాన్ని పెంచి మంచి వెండిని కూడా తక్కువ రకంగా చూపిస్తుంది. లిక్విడ్ చుక్క వేసేది అందుకే. అంకె ఒక్కసారిగా నాలుగైదు గ్రాములకు ఎగబాకితే రూపాయి అడుగుకు ఆనినట్టే. నూలు దారం నీళ్లు పీల్చి పైకి లాగుతుంది. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించిన రూపాయికి ఆ టంకం వల్ల సాంద్రత కాస్త తగ్గుతుంది, దాన్ని నకిలీ అనేయకండి. మే నెలలో నీళ్లు వేడిగా ఉన్నా తేడా ఒక శాతం లోపే.

తేదీ దిద్దిన నాణేన్ని ఈ పరీక్ష పట్టదు. 1939 రూపాయి అరుదు, అందుకే చివరి అంకెను భూతద్దంలో చూడాలి. 1911 తేదీది దొరికితే అయిదో జార్జి అంగీ మీద ఏనుగును వెతకండి. తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపిస్తోందని గొడవ లేచి, ఆ రూపాయలను వెనక్కి తీసుకుని, 1912లో తొండం స్పష్టంగా దిద్ది మళ్లీ వేశారు.

ఏ రూపాయినైనా చింతపండుతో తోమకండి. ఆ నలుపు గాలిలోని గంధకంతో వెండి మీద ఏర్పడిన పొర. తోమి మెరిపించిన నాణేనికి సేకరించేవాళ్లు తక్కువ ధర కడతారు.