వంతెన దిగేటప్పుడు సైకిలు జారుతోందా? ఓసారి టైరు వాసన చూడండి

సమస్య: చినుకు కూడా పడని రోజున చించినాడ వంతెననో యానాం–ఎదుర్లంక వంతెననో దిగుతుండగా వెనుక చక్రం ఉన్నట్టుండి పక్కకు జారుతుంది, లేదా బ్రేకు కీచుమంటుందే తప్ప పట్టదు. కొండలు లేని గోదావరి డెల్టాలో ఎక్కడం, దిగడం సాధన చేయడానికి వంతెనలే దిక్కు కనుక ఈ ఫిర్యాదు తరచుగా వినబడుతుంది.

గాలి ఎక్కువైందేమో మొదట చూడాలి. మనిషి 70 కిలోల బరువుంటే 28 మిల్లీమీటర్ల టైరుకు 75–80 పీఎస్ఐ చాలు. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ అంకె దాకా కొట్టించనవసరం లేదు. బ్రేకు రబ్బరు అరిగితే మార్చాలి.

ఈ రెండూ సరిగానే ఉన్నా జారుతోందంటే, చాలామంది కొత్త టైర్లు కొంటారే గాని వేలితో టైరునూ రిమ్మునూ ఒకసారి రాసి వాసన చూడరు. నీచు వాసన వస్తే కారణం దొరికినట్టే. భీమవరం, ఆకివీడు చెరువుల చేపలు ఐసులో లారీలకెక్కుతాయి. కరిగిన ఐసుతో పాటు చేపల జిగురూ కిందికి కారుతుంది. లారీ వంతెన ఎక్కుతున్నప్పుడు ఆ నీరంతా వెనుక తలుపు వైపు చేరి ధారగా పడుతుంది కనుక, ఎక్కే వాహనాల వరుసలోనే తడి ఎక్కువగా ఉంటుంది. ఎండకు నీరు ఆరినా పలుచని పొర మిగిలి, రోడ్డు పొడిగానే కనిపిస్తుంది. శీతాకాలపు ఉదయం మంచు తగిలితే అదే పొర మళ్లీ జిడ్డవుతుంది. దిగుతూ ముందువాణ్ణి దాటాలని కుడికి జరిగినవారు సరిగ్గా దాని మీదికే వెళ్తారు. ఆ జిడ్డు రిమ్ముకు అంటుకుంటే తమ వరుసలోకి తిరిగి వచ్చిన తర్వాత కూడా బ్రేకు పట్టదు.

పరిష్కారం: రిమ్ములనూ టైర్లనూ గిన్నెల సబ్బు నీటితో కడిగి ఆరనివ్వాలి, బ్రేకు రబ్బరు ముఖాన్ని ఉప్పుకాగితంతో తేలికగా రుద్దాలి. కిరోసిన్ గుడ్డతో తుడిచే అలవాటు మానాలి, అది ఇంకో జిడ్డు పొరను మిగులుస్తుంది. డిస్కు బ్రేకయితే స్పిరిటు వాడాలి. దిగేటప్పుడు ఎడమ అంచున ఒకరి వెనుక ఒకరుగా, మధ్యలో కొన్ని సైకిళ్ల దూరం వదిలి వెళ్లాలి. దాటడం వంతెన దిగిన తర్వాతే. మలుపు రాకముందే, సైకిలు నిటారుగా ఉండగానే వేగం తగ్గించాలి. ఆగదలచినవారు వెనుకవారికి కేక వేసి చెప్పాలి. చెప్పకుండా ఆగేవారి వల్ల పడినవారు జిడ్డు వల్ల పడినవారికంటే తక్కువేమీ కాదు.

సార్వా, దాళ్వా కోతల తర్వాత రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. అక్కడ దిగి నడిపించుకు వెళ్లడమే మర్యాద. గింజల మీద టైరుకు పట్టు ఉండదు, రైతు పంటను తొక్కడమూ తగదు. 1974 నాటి రాజమండ్రి–కొవ్వూరు రోడ్డు–రైలు వంతెన వంటి చోట్ల అతుకుల మీద బ్రేకు వదిలి నేరుగా దాటాలి.

రిమ్ము వేడెక్కి బ్రేకు తగ్గడం వంతెనల మీద దాదాపు జరగదు, దిగుడు అంత పొడవుండదు. మారేడుమిల్లి ఘాట్ రోడ్డుకు వెళ్లేవారు మాత్రం బ్రేకును అదే పనిగా పట్టి ఉంచక, నొక్కుతూ వదులుతూ దిగాలి.