పాత మిల్లింగ్ మెషిన్‌కి స్పిండిల్ స్పీడ్ కంట్రోల్ పెడుతున్నారా? ప్యానెల్ తలుపు తెరిచే ముందు ఇది చదవండి

పాత సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్లలో చాలావాటికి ఎక్స్, వై, జెడ్ మాత్రమే కంట్రోలర్ మాట వింటాయి. టూల్‌ని తిప్పే స్పిండిల్ మాత్రం మనిషి మాటే వింటుంది. స్విచ్ తిప్పితే తిరుగుతుంది, వేగం మార్చాలంటే ఆపి బెల్టు మార్చాలి. ప్రోగ్రామ్‌లో ఎస్800 (నిమిషానికి 800 చుట్లు) అని రాసినా ఎస్2000 అని రాసినా దానికి పట్టదు. అలాంటి దానికి ఒక వీఎఫ్‌డీ (మోటారుకి వెళ్ళే కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి వేగం మార్చే డ్రైవ్) బిగించి, కంట్రోలర్ నుంచి 0-10 వోల్టుల సిగ్నల్ ఇచ్చి, వేగం ప్రోగ్రామ్ నుంచే మార్చుకుందాం అనుకోవడం మంచి ఆలోచనే. నేనూ చేశాను, మళ్ళీ అయినా చేస్తాను.

కానీ ఈ పనిలో వైర్లు కలపడం తేలిక భాగం. ఇన్నాళ్ళూ స్పిండిల్ తిరగాలంటే మీ చెయ్యి స్విచ్ మీద పడాలి, ఆ చెయ్యి పడే ముందు కళ్ళు ఒకసారి టూల్ వైపు చూసేవి. రేపటి నుంచి దాన్ని ప్రోగ్రామ్ తిప్పగలదు, డ్రైవ్ మీది కీప్యాడ్ తిప్పగలదు, పోయి వచ్చిన కరెంటు తిప్పగలదు, ఒక్కోసారి కేబుల్‌లోకి దూరిన నాయిస్ కూడా తిప్పగలదు. ఎవరెవరు తిప్పగలరు, ఆపేది ఎవరు అన్న లెక్క ముందు కాగితం మీద తేల్చుకోండి, స్క్రూడ్రైవర్ తర్వాత.

ఈ లెక్క నేను తేల్చుకోకుండా మొదలుపెట్టాను. అంతా అయిపోయింది, వేగం భలేగా మారుతోంది అన్న సంబరంలో టూల్‌ని పట్టుకునే కోలెట్ బిగించి, పానాని డ్రాబార్ (కోలెట్‌ని పైకి లాగి బిగించే పొడుగాటి బోల్టు) తల మీదే వదిలేసి, స్క్రీన్ దగ్గరికొచ్చి ఎస్300 ఎం3 (300 వేగంతో స్పిండిల్ తిప్పు) అని కొట్టాను. 300 ఆర్‌పీఎం అంటే చిన్న వేగమే అనిపిస్తుంది, కానీ అది సెకనుకు ఐదు చుట్లు. డ్రైవ్ మెల్లగా ఎక్కిస్తుంది కాబట్టి మొదటి చుట్టులో పానా బద్ధకంగా కదిలింది, నేను నోరు తెరిచేలోపు హెడ్ కవర్‌ని ఒక దెబ్బ కొట్టి ఎగిరిపోయింది. వెనక గోడకి తగిలిన చప్పుడు విన్నాను గానీ పానా ఎటు పోయిందో చూడలేదు. పాత స్విచ్ హెడ్ పక్కనే ఉండేది కాబట్టి పానా కంటికి కనబడేది, స్క్రీన్ ముందు కూర్చుంటే కనబడదు. ఇప్పుడు ఆ పానాకి ఒక కొక్కెం, కొక్కేనికి ఒక లిమిట్ స్విచ్ ఉన్నాయి. పానా కొక్కేనికి వేలాడుతుంటేనే డ్రైవ్‌కి రన్ సిగ్నల్ వెళుతుంది. ఇంత చిన్న స్విచ్ మొదటి రోజే పెట్టొచ్చు కదా అంటే, పెట్టొచ్చు.

ఇక ప్యానెల్. మెయిన్ ఆఫ్ చేసి తాళం వేశాక కూడా డ్రైవ్ లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ డ్రైవ్‌లో డీసీ బస్ (ఆ కెపాసిటర్ల మీది వోల్టేజీ) సుమారు 325 వోల్టులు, 400 వోల్టుల త్రీ ఫేజ్ డ్రైవ్ అయితే సుమారు 565. ఇది ముట్టుకుంటే జలదరించి వదిలే కరెంటు కాదు. ఎంతసేపు ఆగాలో డ్రైవ్ మీదే రాసి ఉంటుంది, ఎక్కువగా 5 నుంచి 10 నిమిషాలు. డిస్‌ప్లే ఆరిపోయింది కదా అని చెయ్యి పెట్టొద్దు. ఆగాక డీసీ ప్లస్, డీసీ మైనస్ టెర్మినళ్ళ మధ్య మీటర్ పెట్టండి, మీటర్ డీసీ రేంజిలో ఉందో లేదో చూసుకుని మరీ పెట్టండి. ఏసీ రేంజిలో పెట్టి సున్నా వచ్చిందని నమ్మినవాళ్ళు ఉన్నారు, చాలా మీటర్లు ఏసీ రేంజిలో డీసీని చూపించవు. కొలిచే ముందూ కొలిచిన తర్వాతా కరెంటు ఉందని తెలిసిన చోట మీటర్‌ని ఒకసారి సరిచూసుకుంటే, చూపించిన సున్నా నిజం సున్నానో చచ్చిపోయిన ప్రోబ్ సున్నానో తెలుస్తుంది. మెయిన్ సప్లై వైపు పని మీకు చేతకాదనిపిస్తే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

పాత వైర్లు పీకే ముందు ఫోటోలు తీయండి, ప్రతి వైరుకీ నంబరు కట్టండి. నంబర్లు కడుతున్నప్పుడే ఒక సంగతి వెతకాలి: మోటారు టెర్మినళ్ళ నుంచి ఇంకేం పోతున్నాయి? ఆ రోజుల్లో చాలామంది కూలెంట్ పంపుని స్పిండిల్ కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే స్విచ్) దగ్గరే కలిపేసేవాళ్ళు, స్పిండిల్ తిరిగితే పంపు తిరిగినట్టే. బ్రేక్ మోటారు అయితే బ్రేక్ కాయిల్ మోటారు టెర్మినల్ పెట్టెలోంచే కరెంటు తీసుకుంటుంది. ఇప్పుడు ఆ టెర్మినళ్ళకి వచ్చేది డ్రైవ్ ఔట్‌పుట్, తక్కువ వేగంలో దాని వోల్టేజీ కూడా తక్కువే. బ్రేక్ సగం విడిచి సగం పట్టుకుని మోటారుతో పాటు తిరుగుతుంది, లైనింగ్ వాసన వస్తుంది, మీరేమో వాసన కొత్త డ్రైవ్‌దనుకుని పారామీటర్లు తిప్పుతూ కూర్చుంటారు. బ్రేక్, పంపు, లైటు, కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ అన్నింటికీ డ్రైవ్‌కి ముందు వైపు నుంచి విడిగా సప్లై ఇవ్వాలి. బ్రేక్ ఎప్పుడు విడవాలో డ్రైవ్ రిలే చెప్పాలి.

పాత ఫార్వర్డ్-రివర్స్ డ్రమ్ స్విచ్ సంగతీ ఇంతే. అలవాటు పోదు కాబట్టి దాన్ని డ్రైవ్‌కీ మోటారుకీ మధ్య అలాగే ఉంచేద్దామనిపిస్తుంది. వద్దు. తిరుగుతున్న మోటారుని డ్రైవ్ నుంచి తెంపి మళ్ళీ కలిపితే డ్రైవ్ ట్రిప్ అవుతుంది, అదృష్టం బాగోకపోతే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లే పోతాయి. ఆ స్విచ్ మీద అంత ప్రేమ ఉంటే దాని కాంటాక్టులని డ్రైవ్ కంట్రోల్ టెర్మినళ్ళకి కలుపుకోండి. డ్రైవ్ నుంచి మోటారుకి వైరు సూటిగా పోవాలి. మరొకటి, సప్లై వచ్చేది ఆర్, ఎస్, టీ దగ్గరికి, మోటారు యూ, వీ, డబ్ల్యూ దగ్గరికి. తిరగేస్తే స్విచ్ వేసిన క్షణంలో కొత్త డ్రైవ్ పాతదైపోతుంది.

మోటారు నేమ్‌ప్లేట్ చూడకుండా డ్రైవ్ కొనొద్దు. హార్స్‌పవర్ కాదు, ఆంపియర్లు చూసి కొనాలి. ప్లేట్ మీద 230/400 అని ఉండి, మీరు తెచ్చింది సింగిల్ ఫేజ్ 230 తీసుకుని త్రీ ఫేజ్ 230 ఇచ్చే డ్రైవ్ అయితే, స్టార్‌లో ఉన్న లింకులు డెల్టాకి మార్చాలి. మార్చకపోతే మోటారు తిరుగుతుంది గానీ కోతలో దమ్ముండదు, డ్రైవ్‌నే తిట్టుకుంటారు. మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజీ ఇచ్చి ఇన్సులేషన్ కొలిచే మీటర్) ఇన్సులేషన్ చూసేటప్పుడు మోటారు కేబుల్ డ్రైవ్ నుంచి విప్పి చూడండి, 500 వోల్టుల మెగ్గర్ డ్రైవ్‌లోకి వెళితే ఆ డ్రైవ్ ఇక పనికిరాదు. ముప్పై, నలభై ఏళ్ళ కిందటి వైండింగు అయితే ఇంకా జాగ్రత్త, డ్రైవ్ ఇచ్చే వోల్టేజీ నున్నటి అల కాదు, నిటారుగా లేచి పడే పల్సులు. కేబుల్ పొడుగయ్యేకొద్దీ వాటి దెబ్బ మోటారు దగ్గర పెరుగుతుంది. డ్రైవ్ నుంచి మోటారుకి దూరం వీలైనంత తక్కువ పెట్టుకోండి.

వేగం దగ్గరికొద్దాం. నా ఉద్దేశంలో ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే.

డ్రైవ్ వచ్చింది కాబట్టి బెల్టు ఇక మార్చక్కర్లేదు అనుకుంటారు. 1.5 కిలోవాట్ల మోటారుని 25 హెర్ట్జ్‌లో తిప్పితే దాని నుంచి వచ్చే పవర్ సుమారు 0.75 కిలోవాట్లే, ఎందుకంటే టార్క్ (తిప్పే బలం) పెరగలేదు, వేగం మాత్రం సగమైంది. అదే బెల్టుని సగం వేగం ఇచ్చే పుల్లీ మెట్టుకి వేస్తే పూర్తి పవర్ దొరుకుతుంది, టార్క్ రెట్టింపు అవుతుంది. పెద్ద కట్టర్‌తో స్టీలు కోసేటప్పుడు ఈ తేడా చెవికే తెలుస్తుంది. పైగా మోటారు వెనక ఫ్యాన్ మోటారు షాఫ్టు మీదే ఉంటుంది కాబట్టి వేగం తగ్గితే గాలీ తగ్గుతుంది. 15 హెర్ట్జ్ దగ్గర గంటసేపు లోడు మీద తిప్పి మోటారు మీద చెయ్యి పెట్టి చూస్తే మీకే అర్థమవుతుంది. అలా నడపాల్సిన పని ఉంటే విడిగా తిరిగే ఫ్యాన్ బిగించాలి. గేరు హెడ్‌లో నూనె చిమ్మి తడిపే పద్ధతి అయితే మరీ తక్కువ వేగంలో పై గేర్లకి నూనె అందదు, అదీ గుర్తుంచుకోండి. హెడ్ మీద చక్రం తిప్పి వేగం మార్చే వేరియబుల్ పుల్లీ రకమైతే, దాన్ని మామూలుగానే తిరుగుతున్నప్పుడు మాత్రమే మార్చాలి. ఆగి ఉండగా తిప్పితే ఏదో ఒకటి విరుగుతుంది. ఒక చోట పెట్టి వదిలేయడం మేలు.

పై వైపు ప్రమాదం ఇంకా పెద్దది. బెల్టు ఏ మెట్టు మీద ఉందో కంట్రోలర్‌కి తెలియదు. తక్కువ మెట్టుకి లెక్క పెట్టి, బెల్టు ఎక్కువ మెట్టు మీద మర్చిపోయారనుకోండి. రెండు మెట్లకీ నాలుగు రెట్ల తేడా ఉందనుకుంటే, 100 మిల్లీమీటర్ల ఫేస్ మిల్ పెట్టి ఎస్400 అంటే స్పిండిల్ 1600 తిరుగుతుంది. వేగం నాలుగు రెట్లయితే ఇన్సర్టుల్ని (కట్టర్‌కి బిగించే కోత ముక్కల్ని) బయటికి లాగే బలం పదహారు రెట్లు. స్క్రీన్ మీద మాత్రం 400 అనే ఉంటుంది, ఎందుకంటే అది అడిగిన అంకె, కొలిచిన అంకె కాదు. అందుకని డ్రైవ్‌లో గరిష్ఠ ఫ్రీక్వెన్సీకి ఒక హద్దు, కంట్రోలర్‌లో ప్రతి మెట్టుకీ విడిగా ఒక హద్దు పెట్టండి, వీలైతే స్పిండిల్ దగ్గరే ఒక సెన్సర్ పెట్టి నిజం వేగం స్క్రీన్ మీదకి తెప్పించుకోండి. 50 హెర్ట్జ్ దాటాక మోటారు టార్క్ పడిపోతుంది, బేరింగులు మాత్రం వేడెక్కుతాయి. పాత స్పిండిల్ ప్లేట్ మీద గరిష్ఠ వేగం ఎంత రాసి ఉంటే అంతే, డ్రైవ్ 400 హెర్ట్జ్ ఇవ్వగలదు కదా అని ఆశపడకండి.

సిగ్నల్ వైర్ల గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మీ మెషిన్‌లో ఉన్నది ఏసీ మోటారు కాక పాత డీసీ మోటారు, దానికి చిన్న డీసీ డ్రైవ్, స్పీడుకి ఒక పొటెన్షియోమీటర్ అయితే ఆగండి. అలాంటి చాలా డ్రైవ్‌లలో ఆ పొటెన్షియోమీటర్ మూడు కాళ్ళూ మెయిన్స్‌తో కలిసే ఉంటాయి, మధ్యలో ఐసొలేషన్ ఉండదు. కంట్రోలర్ 0-10 వోల్టుల వైరు తెచ్చి అక్కడ కలిపితే బ్రేకౌట్ బోర్డు (కంప్యూటర్‌నీ మెషిన్ వైర్లనీ కలిపే బోర్డు), కంప్యూటర్ రెండూ పోతాయి, మెషిన్ ముట్టుకున్నవాళ్ళకి షాక్ కొట్టొచ్చు. మధ్యలో సిగ్నల్ ఐసొలేటర్ తప్పనిసరి. వీఎఫ్‌డీల్లో ఈ బాధ తక్కువే, అయినా ఐసొలేషన్ ఉన్న ఔట్‌పుట్ వాడితే నాయిస్ గొడవ కూడా తగ్గుతుంది.

నాయిస్ అంటే ఊరికే స్క్రీన్ మిణుకుమనడం కాదు. స్పిండిల్ ఆన్ చేయగానే లిమిట్ స్విచ్ తగలకుండానే తగిలినట్టు వస్తుంది, కదలికని లెక్కపెట్టే ఎన్‌కోడర్ లెక్క తప్పుతుంది, టూల్ ఎక్కడుందో మెషిన్‌కి తెలియకుండా పోతుంది. మోటారుకి షీల్డెడ్ కేబుల్ వేసి షీల్డుని రెండు చివరలా క్లాంపుతో ఎర్త్ చేయండి, సిగ్నల్ కేబుళ్ళని దానికి దూరంగా నడపండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. లీకేజీ బ్రేకర్ పడిపోతోందని ఎర్త్ వైరు విప్పే తెలివితేటలు మాత్రం వద్దు, ఆ లీకేజీ అప్పుడు మీ ఒంట్లోంచి పోతుంది. డ్రైవ్‌లకి తగిన రకం బ్రేకర్ వేసుకోవాలి.

ఆపడం. డ్రైవ్ మీద ఉన్న స్టాప్ బటన్ ఎమర్జెన్సీ స్టాప్ కాదు. ఎర్ర పుట్టగొడుగు బటన్ నొక్కితే కంట్రోలర్ దయాదాక్షిణ్యాలతో పని లేకుండా స్పిండిల్ ఆగే దారి విడిగా వైరు మీదే ఉండాలి. డ్రైవ్‌లో సేఫ్ టార్క్ ఆఫ్ టెర్మినళ్ళు ఉంటే వాటిని వాడండి. అయితే టార్క్ పోయిన స్పిండిల్ తనంతట తాను తిరిగి తిరిగి ఆగుతుంది, భారీ కట్టర్ ఉంటే చాలా సెకన్లు పడుతుంది. దీనికంటే బ్రేక్ వేసి ఆపి ఆ తర్వాత పవర్ తీసే పద్ధతి మీ మెషిన్‌కి మేలా అని ముందే ఆలోచించుకోండి. త్వరగా ఆగాలని డిసిలరేషన్ సమయం మరీ తగ్గిస్తే డ్రైవ్ ఓవర్ వోల్టేజీతో ట్రిప్ అయి స్పిండిల్‌ని అలాగే వదిలేస్తుంది. త్వరగా ఆపాలంటే బ్రేక్ రెసిస్టర్ (ఆగేటప్పుడు వెనక్కొచ్చే శక్తిని వేడిగా మార్చేది) కావాలి, అది కాలిపోయేంత వేడెక్కుతుంది కాబట్టి ప్లాస్టిక్ డక్టుకి ఆనించకండి.

కోత మొదలయ్యే ముందు స్పిండిల్ వేగం అందుకుందా అన్నది కూడా చూసుకోవాలి. ఇదివరకు మోటారు ఒక్క ఊపున లేచేది, ఇప్పుడు మూడు, నాలుగు సెకన్లు తీసుకుంటుంది, ఈలోపు జెడ్ కిందికి దిగిపోతే టూల్ పుటుక్కు. డ్రైవ్‌లో వేగం అందింది అని చెప్పే రిలే ఉంటుంది, దాన్ని కంట్రోలర్‌కి ఇవ్వండి. లేదంటే ఎం3 తర్వాత కాసేపు ఆగమని చెప్పే జీ4 రాయండి. కొన్ని కంట్రోలర్లలో జీ4 పక్కన పీ అంకె సెకన్లు, కొన్నింటిలో మిల్లీసెకన్లు, మీది ఏదో తెలుసుకుని రాయండి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు బెల్టు తీసేయండి. ఉత్త మోటారు తిప్పి, దిశ చూసి, పారామీటర్లలో మోటారు ఆంపియర్లు, 50 హెర్ట్జ్ వేసి, ఎమర్జెన్సీ బటన్ నొక్కి చూడండి. ఆ తర్వాత మోటారు తిరుగుతుండగా మెయిన్ తీసి, డిస్‌ప్లే పూర్తిగా ఆరాక మళ్ళీ వేయండి. మోటారు దానంతటది లేచిందంటే ఆటో రీస్టార్ట్ ఆన్‌లో ఉన్నట్టు, లేదా రన్ సిగ్నల్ నిలిచిపోయినట్టు. అది సరిచేసేదాకా బెల్టు బల్ల మీదే ఉండనివ్వండి. సరయ్యాక బెల్టు వేసి, టూల్ లేకుండా, టాకోమీటర్‌తో 300, 800, 1400 దగ్గర కొలిచి, అడిగిన అంకెకీ వచ్చిన అంకెకీ తేడా ఎంతో రాసుకోండి. పారామీటర్ల పట్టిక కూడా ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించండి, రెండేళ్ళ తర్వాత ఆ తలుపు తెరిచేది మీరు కాకపోవచ్చు.