నెల్లూరు నుంచి లొసాన్ దాకా: మాస్టర్స్ ఈతగాళ్ల ఫిర్యాదు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారుతుంది

పోటీలో అన్యాయం జరిగిందనిపిస్తే మనవాళ్లు ముందు చేసే పని వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టడం. తర్వాత విలేకరికి ఫోన్. ఈ రెండూ అయ్యేసరికి అసలు గడువు దాటిపోతుంది. ఈత పోటీల్లో ప్రొటెస్ట్ (రాతపూర్వక అభ్యంతరం) ఇవ్వడానికి ఉన్నది ఆ ఈవెంట్ ముగిశాక 30 నిమిషాలే. ఆ అరగంటలో చేత్తో రాసిచ్చిన నాలుగు లైన్లకున్న బలం, ఆరు నెలల తర్వాత లాయరు రాసే నలభై పేజీలకు ఉండదు.

ఇది 25 ఏళ్లు దాటి, ఏదో ఉద్యోగమో వ్యాపారమో చూసుకుంటూ, నెల్లూరులోనో ఒంగోలులోనో పొద్దున్నే కొలనులో దిగి, ఏడాదికి ఒకటి రెండు మాస్టర్స్ మీట్లకు, అంటే పెద్దవాళ్లకు వయసు గ్రూపుల వారీగా పెట్టే పోటీలకు, వెళ్లేవాళ్ల కోసం.

ముందు నిర్ణయం ఎవరిదో తేల్చుకోండి

ప్రపంచ ఈతకు పెద్ద సంస్థ వరల్డ్ ఆక్వాటిక్స్. 1908లో ఫినా పేరుతో పుట్టి, 2022 డిసెంబరులో పేరు మార్చుకుంది. పాత సర్టిఫికెట్ మీద ఫినా అని ఉంటే కంగారు అక్కర్లేదు, అదీ ఇదీ ఒకటే. మాస్టర్స్ విభాగమూ దాని కిందిదే. మొదటి ప్రపంచ మాస్టర్స్ పోటీలు 1986లో టోక్యోలో జరిగాయి. కానీ ఆ సంస్థకు సభ్యులు మనం కాదు, దేశాల ఫెడరేషన్లు. మనకైతే స్విమ్మింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. దాని కింద రాష్ట్ర సంఘం, ఆ కింద జిల్లా సంఘం, అడుగున మీ క్లబ్బు. మధ్య మెట్లు వదిలేసి నేరుగా వరల్డ్ ఆక్వాటిక్స్‌కు మెయిల్ కొడితే 'మీ ఫెడరేషన్‌ను అడగండి' అన్న ఒక లైను వస్తుంది, లేదా అదీ రాదు.

కాబట్టి ఫిర్యాదు రాయకముందే కాగితం మీద ఒక్క ప్రశ్నకు జవాబు రాసుకోండి: నన్ను నష్టపరిచిన నిర్ణయం మీద సంతకం ఎవరిది? మీట్ రిఫరీదా, ఎంట్రీ తిరస్కరించిన రాష్ట్ర సంఘానిదా, ఫెడరేషన్‌దా, వరల్డ్ ఆక్వాటిక్స్‌దా? సంతకం ఎవరిదైతే మొదటి ఉత్తరం వాళ్లకే. రాతపూర్వక నిర్ణయమే లేకపోతే మొదటి ఉత్తరంలో అడగాల్సింది న్యాయం కాదు, ఆ నిర్ణయాన్ని కారణాలతో రాసిమ్మని అడగాలి. అది చేతికి రాకుండా పై మెట్టు ఎక్కలేరు.

మెట్టు తప్పితే ఏమవుతుందో పెద్ద కేసుల్లోనూ తెలిసింది. మహిళల విభాగంలో అర్హత విధానాన్ని సవాలు చేస్తూ అమెరికా ట్రాన్స్‌జెండర్ స్విమ్మర్ లియా థామస్ వేసిన కేసును క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం కాస్ 2024 జూన్‌లో తోసేసింది. విధానం మంచిదా చెడ్డదా అన్న జోలికే పోలేదు. ఆ విధానం వర్తించే స్థాయి పోటీల్లో దిగే హక్కు ఆమెకు అప్పటికి లేదు కనుక సవాలు చేసే హక్కూ లేదంది. ఇంకోటి కూడా గుర్తుంచుకోండి: కింది మెట్టు సరేనన్నంత మాత్రాన పై మెట్టు ఒప్పుకోవాలని లేదు. 2025లో జన్యుపరమైన లింగ నిర్ధారణ పరీక్షకు ఒప్పుకోని ఒక అమెరికన్ మాస్టర్స్ స్విమ్మర్‌ను వరల్డ్ ఆక్వాటిక్స్ ఐదేళ్లు సస్పెండ్ చేసింది. అంతకుముందే ఆ దేశపు మాస్టర్స్ సంఘం అర్హత ఉందని తేల్చింది.

కొలను గట్టున ఆ అరగంట

ఎక్కువ తగాదాలు పుట్టేదీ ఇక్కడే, గెలవగలిగేదీ ఇక్కడే. అందుకే దీని గురించి కాస్త వివరంగా.

జడ్జి కంటితో చూసి తేల్చిన వాస్తవం మీద ప్రొటెస్ట్ చెల్లదు. 'టర్న్‌లో రెండు చేతులూ ఒకేసారి గోడకు తగల్లేదు' అని ఆయన రాశాడంటే అది అక్కడితో ఆఖరు. గ్యాలరీలోంచి మీ బావమరిది తీసిన ఫోన్ వీడియో పట్టుకుని పరుగెత్తకండి. కానీ చూసినదానికి తప్పు నిబంధన తగిలిస్తే, అది ప్రొటెస్ట్‌కు తగిన విషయం.

దీనికి మంచి ఉదాహరణ బటర్‌ఫ్లై. బావుల్లో, చెరువుల్లో ఈత నేర్చినవాళ్లకు కప్ప ఈత కాళ్లు ఒంటికి అంటుకుపోయి ఉంటాయి. నలభై దాటాక రెండు కాళ్లూ కలిపి కొట్టే డాల్ఫిన్ కిక్‌కు నడుం ఒప్పుకోదు. మాస్టర్స్ నిబంధనల్లో దీనికి వెసులుబాటు ఉంది: బటర్‌ఫ్లైలో బ్రెస్ట్‌స్ట్రోక్ (కప్ప ఈత) కిక్ కొట్టొచ్చు. ఒక చేతి లాగుడుకు ఒక కిక్కే. టర్న్‌కూ ఫినిష్‌కూ ముందు మాత్రం చేతి లాగుడు లేకుండా ఒక కిక్ అదనంగా పనికొస్తుంది. స్కూలు పిల్లల మీట్లకు అలవాటుపడిన జడ్జికి ఈ తేడా గుర్తుండక తప్పు పట్టి చెయ్యెత్తేస్తాడు. స్టార్ట్ కూడా అంతే. మాస్టర్స్‌లో బ్లాక్ (గట్టున ఉండే స్టార్టింగ్ దిమ్మ) మీద నుంచే దూకాలని లేదు. గట్టు మీద నుంచి దూకొచ్చు, నీళ్లలో ఉండి గోడను తన్నీ మొదలుపెట్టొచ్చు. మోకాలి ఆపరేషన్ అయిన డెబ్బై ఏళ్లాయనను బ్లాకెక్కమని బలవంతపెడితే హీట్ మొదలుకాకముందే చెప్పాలి. ముందే కనిపిస్తున్న అభ్యంతరాన్ని స్టార్ట్ సిగ్నల్‌కు ముందే నమోదు చేయించకపోతే తర్వాత వినరు.

చేయాల్సింది ఇదీ. నీళ్లలోంచి బయటికి రాగానే డీక్యూ (అనర్హత) స్లిప్ అడిగి ఫొటో తీసుకోండి. కారణం, టర్న్ నంబరు, జడ్జి సంతకం అందులో ఉంటాయి. ప్రొటెస్ట్ ఫారం రిఫరీకే ఇవ్వాలి. సంతకం చేయాల్సింది ఈదినవాళ్లు కాదు, టీమ్ మేనేజర్. క్లబ్బు నుంచి మీరొక్కరే వెళ్తుంటే ఎంట్రీ ఫారంలోనే మేనేజర్‌గా ఎవరో ఒకరి పేరు రాయించండి. ఈ చిన్న పని మర్చిపోయి మంచి ప్రొటెస్ట్ పోగొట్టుకోకండి. దాంతోపాటు డిపాజిట్. ఎంతో మీట్ సర్క్యులర్‌లో ఉంటుంది, గెలిస్తే వెనక్కి ఇస్తారు. నగదు దగ్గర పెట్టుకోండి; ఫోన్‌పే సిగ్నల్ కోసం మెట్లెక్కి దిగేసరికి పది నిమిషాలు హరీమంటాయి. ఫారంలో రాయాల్సింది ఇంతే:

'ఈవెంట్ 14, పురుషులు 50-54, 50 మీటర్ల బటర్‌ఫ్లై, హీట్ 2, లేన్ 5. డీక్యూ కారణం: బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్. జడ్జి చూసినదాన్ని మేం కాదనడం లేదు. మాస్టర్స్ నిబంధనల్లో ఆ కిక్‌కు అనుమతి ఉంది. డీక్యూ తీసేసి టైము నమోదు చేయగలరు. ఇచ్చిన సమయం ఉదయం 10.42.'

కోపం, గత మీట్ల చరిత్ర, జడ్జి ఊరి పేరు వద్దు. రిఫరీ తిరస్కరిస్తే కారణం చెప్పాలి. దాని మీద జ్యూరీ ఆఫ్ అపీల్‌కు వెళ్లొచ్చు. జ్యూరీ మాటే ఆఖరు. కొలనులో పుట్టిన తగాదా అక్కడితో ముగిసినట్టే, కాస్ దాకా పోదు.

పుట్టిన తేదీ, క్లబ్బు

వయసు గ్రూపు లెక్క సులువు: పోటీ జరిగే సంవత్సరంలోంచి పుట్టిన సంవత్సరం తీసేయండి. డిసెంబరు 31 నాటి వయసే లెక్క. 1976 డిసెంబరులో పుట్టినాయన 2026 ఫిబ్రవరిలో ఇంకా 49 అయినా ఈదేది 50-54లో. చిక్కంతా సంవత్సరం దగ్గరే. మన ఊళ్లలో ఆ తరం వాళ్లకు హెడ్మాస్టరు వేసిన తేదీ టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకటి, ఇంట్లో చెప్పేది ఒకటి, ఆధార్‌లో మూడోది. విదేశీ మీట్‌కు పాస్‌పోర్టే ప్రమాణం. మిగతా కాగితాలు దానికి సరిపోయేలా ఇప్పుడే దిద్దించుకోండి, పతకం వచ్చాక కాదు. అప్పుడు దిద్దితే అది సవరణలా కనిపించదు.

క్లబ్బు సంగతి ఇంకా ముఖ్యం. ప్రపంచ మాస్టర్స్ పోటీల్లో ఎవరూ దేశం తరఫున ఈదరు, క్లబ్బు తరఫునే. పేపర్లో 'భారత్‌కు ప్రాతినిధ్యం' అని వేసుకోవడం మన ముచ్చట. ఫ్లెక్సీ వరకు పర్వాలేదు గానీ ఫిర్యాదులో అలా రాస్తే మొదటి లైనులోనే నిబంధన తెలియదని తేలిపోతుంది. క్లబ్బుకు ఫెడరేషన్ గుర్తింపు ఉండాలి. సొంతంగా క్లబ్బు పెట్టుకోవాలంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు కావాలి. బైలాలో 'తగాదాలు, అప్పీళ్లు' అని ఒక క్లాజు పెట్టించండి. సొసైటీలో సభ్యులకూ కమిటీకీ పేచీ వస్తే అదే చట్టం సెక్షన్ 23 కింద మధ్యవర్తిత్వానికి వెళ్లొచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయొచ్చు. జిల్లా సంఘం కూడా ఇదే చట్టం కింద రిజిస్టరై ఉండి, మీరు దాని సభ్యులైతే ఎన్నికలు, సభ్యత్వం వంటి పేచీలకు నెల్లూరు, ఒంగోలు జిల్లా కోర్టులే చాలు.

జాతీయ ఫెడరేషన్ నిర్ణయమైతే దారి వేరు. రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద హైకోర్టులో రిట్ వేయడం పాతదారి. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం జాతీయ క్రీడా ట్రిబ్యునల్ అనే కొత్త మెట్టు పెట్టింది. అయితే అంతర్జాతీయ సంస్థలు నడిపే పోటీల్లోని వివాదాలు, డోపింగ్ కేసులు దాని పరిధిలోకి రావు.

మీట్ ఎవరిదో కూడా చూసుకోండి. మాస్టర్స్ అన్న పేరుతో మీట్లు పెట్టే సంస్థలు దేశంలో చాలా ఉన్నాయి. 2019 జనవరిలో ఫినా, స్వతంత్ర పోటీల్లో ఈదినందుకు శిక్ష ఉండదని ప్రకటించింది. ఆ టైములను, రికార్డులను మాత్రం లెక్కలోకి తీసుకోదు. నిషేధిత మందులను ప్రోత్సహించే పోటీల విషయం వేరు: 2025 జూన్ నుంచి వాటిలో పాల్గొన్నవాళ్లను, సాయపడినవాళ్లను అనర్హులను చేయొచ్చు.

బీపీ మాత్ర కూడా వివాదమే

మాస్టర్స్‌లో డోపింగ్ అంటే అందరూ నవ్వుతారు. మందుల పెట్టె తెరిచి చూస్తే నవ్వు ఆగిపోతుంది. బీపీ మాత్ర పేరు చివర హెచ్ అక్షరం ఉంటే సాధారణంగా అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ ఉన్నట్టే. అది మూత్రవిసర్జన పెంచే మందు, పోటీ ఉన్నా లేకున్నా నిషిద్ధం. క్లోర్తాలిడోన్ కూడా అంతే. అమ్లోడిపిన్‌కు నిషేధం లేదు, కాబట్టి మందు మార్చడం వీలవుతుందేమో డాక్టరును అడగండి. మీ అంతట మీరు మానేయొద్దు. షుగరుకు ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు చికిత్స మినహాయింపు (నిషిద్ధ మందు వాడేందుకు అనుమతి) తప్పదు. ఆస్తమాకు సాల్బుటమాల్ ఇన్హేలర్ అయితే 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 మించకుండా వాడొచ్చు. స్ట్రిప్ వెనక వైపు ఫొటో, ప్రిస్క్రిప్షన్, రిపోర్టులు ఒకే ఫైల్లో ఉంచండి.

కాస్‌కు వెళ్లాల్సే వస్తే

వరల్డ్ ఆక్వాటిక్స్ తుది నిర్ణయం వచ్చి, లోపలి అప్పీళ్లన్నీ అయిపోయాకే కాస్. నిబంధనల్లో వేరే గడువు లేకపోతే నిర్ణయం అందిన మర్నాటి నుంచి 21 రోజులు. ఆదివారాలు, సంక్రాంతి సెలవులు అన్నీ ఆ లెక్కలోనివే. చివరి రోజు మన అర్ధరాత్రే గడువు, లాయరును పెట్టుకుంటే ఆయన ఊరి అర్ధరాత్రి. కాస్ ఉన్న లొసాన్‌లో ఇంకా రాత్రి ఏడున్నరో ఎనిమిదిన్నరో కదా అని ధీమాగా ఉండొద్దు. అప్పీలుతో పాటు నిర్ణయం ప్రతి, ఏం కావాలో స్పష్టమైన కోరిక, కాస్‌కు వెళ్లే హక్కునిచ్చే నిబంధన ప్రతి జతచేయాలి. కోర్టు ఫీజు 1000 స్విస్ ఫ్రాంకులు, తిరిగి రాదు. పూర్తిగా క్రమశిక్షణకు సంబంధించిన అంతర్జాతీయ కేసైతే మధ్యవర్తుల ఖర్చు కాస్ భరిస్తుంది. మిగతా కేసుల్లో అడ్వాన్సు మీరే కట్టాలి, అది ఫీజు కంటే చాలా ఎక్కువ. తెలుగు కాగితాలు ఇంగ్లిషులోకి మార్పించి పెట్టాలి.

వేధింపులు, ఫలితాల తారుమారు వంటివి ఈ దారిలో రావు. వాటికి 2023లో మొదలైన ఆక్వాటిక్స్ ఇంటెగ్రిటీ యూనిట్ ఉంది, అక్కడికి వ్యక్తిగా నేరుగా రాయొచ్చు.

నిబంధనే బాగాలేదనుకుంటే అది ఫిర్యాదు కాదు, ప్రతిపాదన. వరల్డ్ ఆక్వాటిక్స్ ముందు ప్రతిపాదన పెట్టేది ఫెడరేషనే, మీరు కాదు. కాబట్టి అది క్లబ్బు తీర్మానంగా మొదలై, జిల్లా సంఘం సర్వసభ్య సమావేశం, రాష్ట్ర సంఘం మీదుగా పైకి పోవాలి. పాత వాక్యం, దాని పక్కనే మీరు కోరే వాక్యం రాసివ్వండి. సమావేశంలో అందరూ తలూపి కాఫీకి లేచిపోతారు. తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కిందో లేదో అక్కడే చూసి, సంతకాలయ్యాక జెరాక్స్ తీసుకునే బయటికి రండి.