పాత చెక్క కుర్చీ ఏ కాలానిదో, ఎక్కడిదో తెలుసుకోవడం ఎలా?

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు... ఏ ఊళ్లో పాత మిద్దెకు వెళ్లినా వసారాలో ఒక చేతుల కుర్చీ కనిపిస్తుంది. ఎప్పటిదని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "తెల్లదొరల కాలం నాటిది." కావలిలో మా తాతగారి కుర్చీ గురించి నేనూ ఇరవయ్యేళ్లు అదే చెప్పుకున్నాను. ఒకరోజు కాలు వదులైందని ఆచారిని పిలిస్తే, ఆయన దాన్ని బోర్లించి సీటు కింద ఒక స్క్రూ మీద వేలు పెట్టి, "దొరల కాలంలో ప్లస్సు స్క్రూ యాడిది అబ్బయా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. కాసేపు చూసి మళ్లీ ఆయనే, "ఉండు, పక్కన పాత బెజ్జం పూడ్చిన గుర్తుంది. కుర్చీ పాతదే, స్క్రూ కొత్తది" అన్నాడు.

కుర్చీ వయసు కట్టే పద్ధతంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. ఏది పుట్టుకతో వచ్చింది, ఏది మరమ్మతులో వచ్చింది అని ముందు విడదీయాలి. పుట్టుకతో వచ్చిన వాటిలో అన్నిటికంటే కొత్తది ఏదో, కుర్చీ అంతకంటే పాతది కాలేదు.

1. ముందు గుడ్డ పక్కన పెట్టండి

పాత కుర్చీ చేతికి రాగానే తుడిచి, గరుకు కాగితం పట్టించి, పాలిష్ వేయించాలని చెయ్యి లాగుతుంది. ఆ పని చేయకండి. నేను చేశాను. మా కుర్చీ వీపు వెనక నల్లరంగుతో ఏవో అక్షరాలుండేవి. పాలిష్ పెట్టినతను మచ్చలనుకుని అరగదీశాడు. "ఏదో బోర్డు అని ఉండేదిరా" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఏ బోర్డో ఇక తేలదు.

మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. తర్వాత టార్చిలైటును చెక్కకు దాదాపు ఆనించి, పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకోండి. నేరుగా చూస్తే కనిపించని గీతలు, చెరిగిన అక్షరాలు నీడల్లో తేలతాయి. కనిపించిన ప్రతిదాన్నీ ఫొటో తీయండి.

2. బోర్లించండి

పైభాగం అబద్ధం చెప్పగలదు, అడుగుభాగానికి అంత అవసరం ఉండదు. సీటు కింది పట్టీల లోపలివైపు ఎవరూ నునుపు చేయరు కాబట్టి కోత గుర్తులు అక్కడ మిగిలిపోతాయి. గీతలు ఏటవాలుగా, ఒకదానికొకటి సమాన దూరంలో లేకుండా ఉంటే అది చేతి రంపం. విల్లులా వంపు తిరిగిన గీతలైతే గుండ్రటి మర రంపం. తిన్నగా, అచ్చు గుద్దినట్టు వరసగా ఉంటే బ్యాండ్ సా, అంటే పట్టీలా తిరిగే మర రంపం. చేత్తో చిత్రిక పట్టిన చోట వేలు నడిపితే చిన్న చిన్న అలలు తగులుతాయి. మర చిత్రిక గుర్తులు అన్నీ ఒకే ఎడంలో ఉంటాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. అమెరికా, ఇంగ్లండు వాళ్లు రాసిన లెక్కల ప్రకారం చేతి రంపం గీతలుంటే కుర్చీ చాలా పాతదని తేల్చేస్తారు. మన దగ్గర ఆ లెక్క పనికిరాదు. పల్లెల్లో కరెంటు వచ్చేదాకా, వచ్చాక కూడా కొన్నేళ్లు, దుంగలు చేత్తోనే కోశారు. కమ్మరి కొట్టిన నాలుగు పలకల మేకులూ అంతే. చేతి పని అంటే వయసుకు రుజువు కాదు, ఊరి పని అనడానికి గుర్తు.

కాళ్లు, పట్టీలు కలిసే చోట కూసం (పట్టీ చివర చెక్కిన నాలుక) బెజ్జంలోకి ఎలా దిగిందో చూడండి. పాత పనిలో కూసం గుండా అడ్డంగా చెక్క శీల దించేవాళ్లు. చెక్క ఏళ్ల తరబడి అడ్డంగా కుంచించుకుపోతుంది కాబట్టి ఆ శీల తల కొంచెం పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. తరిమెన పట్టిన (చెక్కను తిప్పుతూ చెక్కిన) గుండ్రటి కాలును ఒక కాగితపు పట్టీతో రెండు దిక్కులా కొలవండి. పాత కాలు కొద్దిగా కోలగా మారుతుంది. టేకు తక్కువ కుంచించుకుంటుంది, అందుకని తేడా చిన్నదైనా తోసిపుచ్చకండి.

3. అక్షరాలు దొరికితే సగం పని అయినట్టే

మన జిల్లాల్లో ఇళ్లకు చేరిన మంచి కుర్చీల్లో చాలావాటికి ఆఫీసు పుట్టుక ఉంటుంది. కచేరీలు, బళ్లు, రైల్వే, మిషన్ బంగళాలు పాత సామాను వేలం వేస్తే ఊళ్లోవాళ్లు పాడుకునేవాళ్లు. ఆ సామాను మీద ఆఫీసు పేరు, ఒక అంకె రంగుతో రాసి ఉంటాయి, లేదంటే కాల్చి ముద్ర వేసి ఉంటాయి. మన సరిహద్దులు మారినన్నిసార్లు ఆ పేర్లూ మారాయి. కుర్చీ వయసు పట్టివ్వడానికి అవే తాళంచెవులు.

ఒంగోలునే తీసుకోండి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు నెల్లూరు నుంచి అందులోకి వెళ్లింది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా పుట్టింది, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. ఒంగోలు ఆఫీసు కుర్చీ మీద గుంటూరు జిల్లా అని ఉంటే అది 1904కూ 1970కూ మధ్య రాసిందన్నమాట. ఒంగోలు జిల్లా అని ఉంటే ఇంకా అదృష్టం, రెండేళ్ల సందులోకి వచ్చేశారు. కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి వైపు కుర్చీల మీద నెల్లూరు జిల్లా అని ఉంటే ఆశ్చర్యపోకండి, 1970 దాకా అవి అక్కడివే. మార్కాపురం, గిద్దలూరు కుర్చీల మీద కర్నూలు అని ఉన్నా అదే కథ.

డిస్ట్రిక్ట్ బోర్డు అని ఉంటే 1959కి ముందుది. ఆ ఏడే బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు, పంచాయతీ సమితులు వచ్చాయి. తాలూకాఫీసు అని ఉంటే 1985లో మండలాలు రాకముందుది. రైల్వే కుర్చీలు ఇంకా సులువు. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే 1908లో మొదలైంది, 1951 ఏప్రిల్‌లో సదరన్ రైల్వేలో కలిసింది. ఎమ్.ఎస్.ఎమ్. అక్షరాలుంటే ఆ 43 ఏళ్లలోనిదే.

అయితే అక్షరాలు చెప్పేది ఆఫీసు వాళ్లు రాసిన కాలం. కుర్చీ అంతకుముందే చేసి ఉండొచ్చు. ఈ మధ్య కావాలని అక్షరాలు రాసి అమ్మేవాళ్లూ తయారయ్యారు. చండీగఢ్ ఆఫీసుల్లో 1950ల నాటి కుర్చీలు తుక్కు కింద వేలం వేస్తే విదేశాల్లో లక్షలు పలికాయి, వాటికి గుర్తు వీపు వెనక రాసిన అక్షరాలే. అక్కడి నుంచి నకళ్లు పుట్టుకొచ్చాయి. అసలు రాత మీద పాలిష్, చెమట, గీతలు అన్నీ కలిసి అరిగి ఉంటాయి. గీత పడి, ఆ గీతలోకి రంగు దిగి ఉంటే గీత తర్వాత రాసిన రాత అది.

4. స్క్రూలు, బంక, పాలిష్

ఒక్క స్క్రూ విప్పి చూడండి, వదులుగా వచ్చేదాన్నే. మొన మొద్దుగా ఉంటే 19వ శతాబ్దం నడిమికి ముందు పద్ధతి, మన ఇళ్లలో అరుదు. తల మీద గాడి ఒక పక్కకు జరిగి ఉంటే చేత్తో కోసింది. ప్లస్సు గాడి అమెరికాలో 1930ల నడుమ పుట్టింది, మన వడ్రంగి పెట్టెలోకి చేరడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

బంక విషయం ఆచారులే బాగా చెబుతారు. పాతకాలంలో తోళ్లు, ఎముకలు ఉడికించి తీసిన వజ్రం అనే బంక వాడేవాళ్లు. గోధుమరంగులో గాజులా పెళుసుగా ఉంటుంది, వేణ్నీళ్లు తగిలితే కరిగి వాసన వస్తుంది. తెల్లగా, రబ్బరులా సాగితే అది ఫెవికాల్ తరహా బంక. ఫెవికాల్ వచ్చింది 1959లో.

కనపడని మూల దూదితో ఒక చుక్క స్పిరిట్ అద్దండి. రంగు కరిగి దూదికి అంటుకుంటే చపడా లక్క పాలిష్. కదలకపోతే చాలామటుకు ఆ తర్వాత తరాల మెరుపు.

5. చెక్క

చాలామంది ఇక్కడే మొదలుపెట్టి ఇక్కడే తప్పుతారు. టేకును కొంచెం గీకితే తోలు వాసన, చేతికి జిడ్డు తగులుతాయి. జిట్రేగి (రోజ్‌వుడ్) నల్లటి, ఊదా చారలతో బరువుగా ఉంటుంది. మధ్యతరగతి ఇళ్లలో వేప, మామిడి ఎక్కువ. "బర్మా టేకు" అని కంటితో చూసి తేల్చేవాళ్లను నేను నమ్మను. బర్మా నుంచి కలప మద్రాసు రేవుకు రావడం నిజం, 1942లో జపాన్ ఆక్రమణతో ఆగిపోవడం నిజం. కానీ ఆ మాట రశీదు చెప్పాలి, చెక్క చెప్పదు.

వెలిగొండల పక్కనున్నాం కాబట్టి ముదురు ఎరుపు కనిపిస్తే చాలు ఎర్రచందనం అనేస్తారు. ఒక చిన్న పొట్టు నీళ్లలో, ఇంకోటి స్పిరిట్‌లో వేయండి. ఎర్రచందనం రంగు నీళ్లలో కరగదు, స్పిరిట్‌ను మాత్రం ఎర్రగా చేస్తుంది. నేను చూసిన "ఎర్రచందనం" కుర్చీలన్నీ రంగు వేసిన టేకే.

6. పేము అల్లిక, వంపు కుర్చీలు

సీటు చుట్టూ వరసగా బెజ్జాలుండి వాటిలోంచి పేము అల్లి ఉంటే చేతి అల్లిక. చుట్టూ గాడి తీసి, అల్లిన చాపను అందులో నొక్కి బిగిస్తే మర అల్లిక. అల్లిక పదేళ్లకోసారి మారుతుంది కనుక దాని వయసు పట్టించుకోవద్దు, బెజ్జాలా గాడా అన్నదే చూడండి. బెజ్జాలున్న సీటుకు పైనుంచి ప్లైవుడ్ కొట్టేసి ఉంటే అడుగున చేత్తో తడిమితే తెలుస్తుంది.

కాళ్లు, వీపు ఒకే కర్రను ఆవిరి పట్టి వంచినట్టుంటే అది వేరే వంశం. వియన్నాలో మైఖేల్ థోనెట్ 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీ వీటికి పెద్దన్న. విడదీసి 36 కుర్చీలను ఒక ఘనమీటరు పెట్టెలో సర్ది ఓడలెక్కించేవాళ్లు. 1869లో పేటెంటు పోయాక కోన్ లాంటి కంపెనీలు అవే చేశాయి. బొంబాయి ఇరానీ హోటళ్లలో కూర్చున్నవాళ్లకు ఇవి తెలుసు. సీటు చట్రం లోపలివైపు ముద్రో కాగితపు చీటీయో వెతకండి. చెకోస్లోవేకియా అని ఉంటే 1918 తర్వాతిది, అంతకుముందు ఆ దేశమే లేదు.

7. మనుషుల్ని అడగండి, కానీ సరిగ్గా

"ఎప్పటిది నాయనమ్మా?" అంటే మళ్లీ తెల్లదొరల కాలానికే వెళ్తారు. ఇలా అడగండి: నీ పెళ్లికి ఇది ఇంట్లో ఉందా? వేలంలో తెచ్చారా, చేయించారా? చేయిస్తే ఏ ఆచారి, చెట్టు ఎవరి దొడ్లోది? 77 తుఫానుకు ముందా తర్వాతా? కావలి వాళ్లయితే 89 తుఫాను అడగండి, ఆ రాత్రి ఏ సామాను ఎక్కడ తడిసిందో అందరికీ గుర్తే. పెళ్లి ఫొటోల్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టిన కుర్చీని చూడండి. మా కుర్చీ మా పెద్దత్త పెళ్లి ఫొటోలో ఉంది, 1962. ప్లస్సు స్క్రూ దగ్గర మొదలైన పంచాయితీ అలా కొంత తేలింది.

వందేళ్లు దాటిందని తేలితే దేశం దాటించాలనుకోకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం అది కుదరదు.

తెలిసినవన్నీ ఒక కాగితం మీద పెన్సిల్‌తో రాయండి, ఇంకు పాలిపోతుంది. ఎవరు చెప్పారో, ఏది ఊహో ఏది చూసిందో విడిగా రాయండి. కవర్లో పెట్టి సీటు కింద దారంతో కట్టండి. టేపు అంటించొద్దు, నాలుగేళ్లకు జిగురు మాత్రమే మిగులుతుంది.