పాయింటర్ల పాఠాలు – 6: చీటీలో లెక్క రాయని సి

పోయిన పాఠంలో పాయింటర్ అంటే మెమరీలో ఒక చోటు అడ్రసు అని చూశాం. ఈసారి అర్రే, అంటే ఒకే రకం విలువల వరుస, దాని సంగతి.

కర్నూలు మార్కెట్ యార్డులో మీ ఉల్లిగడ్డల మూటలు ఐదు వరుసగా ఉన్నాయనుకోండి. హమాలీకి "ఈ మూట నుంచి కాటాకెత్తు" అని చీటీ రాసిచ్చారు, ఎన్ని మూటలో రాయలేదు. అతను పక్క రైతు మూటలు కూడా ఎత్తేస్తాడు. తప్పు అతనిది కాదు. సి భాషలో ఫంక్షన్‌కు అర్రే పంపితే సరిగ్గా ఇదే పరిస్థితి.

ఇంట్‌కు (పూర్ణాంకానికి) 4 బైట్లయితే మూటలు[5] అనే అర్రేకు సైజాఫ్, అంటే అది పట్టే బైట్ల లెక్క, 20 వస్తుంది. దాన్నే ఫంక్షన్‌కు పంపి, లోపల సైజాఫ్ అడగండి: 64 బిట్ల మెషిన్‌లో 8 వస్తుంది. లోపలికి చేరింది మొదటి మూట అడ్రసు ఒక్కటే. పారామీటర్‌ను మూటలు[5] అని రాసినా కంపైలర్ ఆ 5ను పట్టించుకోదు. అర్రే, పాయింటర్ రెండూ ఒకటేనని మీ నోట్సులో ఉంటే కొట్టేయండి. అర్రే పేరు చాలాచోట్ల పాయింటర్‌గా మారుతుంది, అంతే.

మూటలు[3] అంటే సికి *(మూటలు + 3), అంటే మొదటి మూట నుంచి మూడు దాటాక ఆ అడ్రసులో ఉన్నది. అటూ ఇటూ మార్చి కూడినా ఒకటే కనుక 3[మూటలు] కూడా కంపైలవుతుంది! మూటలు[7] అడిగినా సి తనంతట తాను ఆపదు. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం ఈ జాతిదే. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపడానికి వాడే, సిలో రాసిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ, అవతలివాళ్లు చెప్పిన పొడవును సరిచూడకుండా నమ్మి, పక్క మెమరీలో ఉన్నది కూడా పంపేసేది. అడిగిన ప్రతిసారీ 64 కిలోబైట్ల దాకా.

జావాలో అర్రే ఒక ఆబ్జెక్ట్, పొడవు దానితోనే ఉంటుంది. హద్దు దాటితే ఎక్సెప్షన్ (తప్పు జరిగిందన్న సూచన) వస్తుంది. దీని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

గో భాష దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. అందులో అర్రేను ఇంకో వేరియబుల్‌కు ఇస్తే ఐదు మూటలకూ నకలు తయారవుతుంది. నకలు వద్దనుకుంటే స్లైస్ వాడాలి. స్లైస్ అంటే నిండుగా రాసిన చీటీ: ఎక్కడ మొదలు, ఎన్ని, వెనకున్న అర్రేలో ఎక్కడిదాకా పెరగొచ్చు. సి పోగొట్టిన లెక్క ఇక్కడ అడ్రసుతోపాటే ప్రయాణిస్తుంది. నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇదే. కానీ మూటలు మాత్రం అవే, నకలు కాదు.

అభ్యాసం: గోలో 10, 20, 30, 40, 50 ఉన్న అర్రే తీసుకుని [1:3] స్లైస్ చేయండి, అందులో 20, 30 ఉంటాయి. స్లైస్‌లో మొదటిదాన్ని 99 చేయండి. అసలు అర్రేలోనూ 20 పోయి 99 వస్తుంది. పైథాన్ లిస్టుతో ఇదే చేస్తే అసలు లిస్టు మారదు, ఎందుకంటే అక్కడ [1:3] కొత్త లిస్టును ఇస్తుంది. ఇప్పుడు మళ్లీ గోకు వచ్చి, ఆ స్లైస్ చివర అపెండ్‌తో 77 చేర్చండి. ప్రింట్ చేసే ముందు, అసలు అర్రేలో 40 ఏమవుతుందో కాగితం మీద రాసుకోండి.