పెడల్ తొక్కకుండా స్పీడ్ రావట్లేదా? పంపింగ్‌లో తేడా ఎక్కడ కొడుతోందో చూసుకోండి

పంప్ ట్రాక్ (వరసగా దిబ్బలూ గుంతలూ ఉండే సైకిల్ దారి) మీద పక్కవాడు పెడల్ ఒక్కసారి కూడా తిప్పకుండా, ఒంటిని కుంగిస్తూ లేపుతూ వేగం పుట్టించే పంపింగ్‌తోనే రౌండ్ల మీద రౌండ్లు కొడుతుంటాడు, మనమేమో మూడో దిబ్బ దగ్గరే కాలు కింద పెట్టేస్తాం. వెంటనే వచ్చే అనుమానం ఒంట్లో బలం చాలట్లేదని. బలం సంగతి తర్వాత, ముందు ఎప్పుడు నొక్కుతున్నారో చూసుకోండి.

అట్లతద్దికి చెట్టుకు కట్టిన ఉయ్యాల మీద నిలబడి ఊగినవాళ్లకి ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. పై చివరకు వెళ్లాక కుంగుతాం, కిందికి వచ్చేటప్పుడు లేస్తాం. కింద ఉన్నప్పుడు చెక్క పాదాల్ని గట్టిగా పైకి తంతుంది, ఆ బరువుకు ఎదురు లేవాలి కాబట్టి కాళ్లు చేసే పని ఎక్కువ. పైన ఒళ్లు తేలిగ్గా ఉన్నప్పుడు కుంగుతాం కాబట్టి పోగొట్టుకునేది తక్కువ. ఆ మిగులే ఊపు. ట్రాక్ మీద కూడా లెక్క ఇదే. 2 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపులో సెకనుకు 4 మీటర్ల వేగంతో, అంటే గంటకు 14 కిలోమీటర్ల పైన వెళ్తుంటే, గుంత అడుగున మీ బరువు దాదాపు 1.8 రెట్లు అనిపిస్తుంది, దిబ్బ నెత్తి మీద ఐదో వంతుకు పడిపోతుంది. అడుగున 20 సెంటీమీటర్లు లేచి, నెత్తి మీద అంతే కుంగారనుకోండి, ఉజ్జాయింపుగా 30 సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు నుంచి అదనంగా జారినంత శక్తి వస్తుంది. టైర్లు, గాలి, రాపిడి అందులో కొంత తినేస్తాయి, అయినా ఒక్కో దిబ్బకు ఇంత అంటే తక్కువేం కాదు.

రెండు దిబ్బలు బాగానే దాటి, మూడోది ఎక్కలేక ఆగిపోతోంది

దాదాపు అందరికీ వచ్చేది ఇదే. కారణం: దిబ్బ ఎక్కేశాక నెత్తి మీద లేచి నిలబడుతున్నారు, లేదా ఎక్కుడులో బండిని ముందుకు తోస్తున్నారు. తేలిగ్గా ఉన్నచోట లేస్తే కాళ్లకు ఎదురుండదు, పని జరగదు. పైగా పైన లేచినవాళ్లు గుంతలో కుంగక తప్పదు, అంటే బరువు ఎక్కువున్న చోట వేగాన్ని మోకాళ్లలోనే మింగేసుకుంటున్నారన్నమాట.

ఖాయం చేసుకోవాలంటే ఫ్రెండ్‌ని పక్కన నిలబెట్టి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయించండి. వెనక చక్రం దిబ్బ నెత్తి మీద ఉన్న చోట ఆపి మోకాళ్లు చూడండి, నిటారుగా ఉంటే దొరికిపోయినట్టే. ఇక చేయాల్సింది: గుంత అడుగున సుద్దముక్కతో అడ్డంగా గీత గీయండి. దిగుడులోనే నొక్కడం మొదలుపెట్టాలి, ఆ గీత మీదికి వచ్చేసరికి కాళ్లు చేతులు చాలావరకు చాచుకుని ఉండాలి. ఎక్కుడు మొదలవగానే కాళ్లు చేతులు వదులు చేసి బండిని పొట్ట కిందికి రానివ్వండి. కుదిరితే వీడియోలో బండి ఎగిరెగిరి పడుతున్నా తల మాత్రం దాదాపు ఒకే ఎత్తులో సాగినట్టు కనిపిస్తుంది.

చేతులు పీకేస్తున్నాయి, చైను గలగలమంటోంది, స్పీడ్ మాత్రం లేదు

చేతుల్తోనే పంప్ చేస్తున్నారు, లేదంటే చేతులూ కాళ్లూ ఒకేసారి తోస్తున్నారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య సుమారు మీటరు దూరం ఉంటుంది, పైన చెప్పిన వేగంలో ముందు చక్రం గుంతలోకి దిగిన పావు సెకనుకు గానీ వెనక చక్రం దిగదు. కాబట్టి ముందు హ్యాండిల్, పావు సెకను ఆగి పాదాలు. ఇది లెక్కపెట్టుకుని చేసే పని కాదు, నెమ్మదిగా వెళ్తూ మనసులో "చేతులు... కాళ్లు" అనుకుంటూ పోతే కొన్నాళ్లకి అదే పట్టుబడుతుంది. మడమలు కిందికి దించండి, అప్పుడు తొడలూ పిరుదులూ పనిలోకి వస్తాయి. పెడళ్లు రెండూ నేలకు సమానంగా ఉండాలి.

కుంగుదామంటే సీటు తగులుతోంది

సీటు దించండి, పూర్తిగా. ముందు ఫోర్క్‌కి సస్పెన్షన్ ఉంటే లాక్ చేయండి, లేకపోతే మీరు తోసేదంతా స్ప్రింగు తాగేస్తుంది. తారు ట్రాక్ మీద మెత్తటి టైర్లతో తిరిగి స్పీడ్ రావట్లేదంటే లాభం లేదు, టైర్లలో గాలి 50-60 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి చూడండి (టైరు పక్కన రాసిన పరిమితి దాటకుండా).

స్కేట్‌బోర్డ్ ర్యాంప్ మీద ఎన్నిసార్లు ఊగినా ఎత్తు పెరగట్లేదు

ర్యాంప్‌కి రెండు వంపుల మధ్య చదును నేల ఉంటుంది, చాలామంది లేచేది అక్కడే. చదునులో మీ బరువు మామూలు బరువే, అక్కడ లేస్తే దండగ. చదును మీద కుంగి ఉండాలి, గోడ వంపు మొదలై పాదాల కింద బోర్డు బరువెక్కినట్టు అనిపించగానే లేవాలి. అప్పుడు శరీరం బరువు వంపు కేంద్రం వైపు జరుగుతుంది, తిరిగే వ్యాసార్థం తగ్గి వేగం పెరుగుతుంది. కిందికి వచ్చేటప్పుడూ అంతే: పైన కుంగి, వంపులో లేచి, చదునులో మళ్లీ కుంగాలి. అంటే ఒక్కో గోడకు రెండు అవకాశాలు. దిగేటప్పుడు భయంతో బిగుసుకుపోయి రెండోదాన్ని వదిలేస్తుంటారు, నిజానికి నేర్చుకోవడానికి అదే తేలిక, ఎందుకంటే అప్పటికే కుంగి ఉంటారు.

విశాఖ రుషికొండ బీచ్‌లో అల దొరికింది, సర్ఫ్‌బోర్డు మీద ఎంత ఎగిరినా కదలట్లేదు

అల ముందున్న చదును నీళ్ల మీదికి వచ్చేసి అక్కడ గెంతుతున్నారు. గెంతిన ప్రతిసారీ బోర్డు నీళ్లలోకి దిగుతుంది, ఉన్న వేగం కూడా పోతుంది. అల ఏటవాలు మీదే ఉండి బోర్డుని పైకి తిప్పండి, పైన తేలికపడి, జారుతూ కుంగి, కింద మలుపు తిరిగేటప్పుడు కాళ్లు చాచండి. అల మరీ నీరసంగా ఉంటే మాత్రం ఏ టెక్నిక్కూ పనిచేయదు, ఇంకో అల కోసం ఆగడమే.

చదును రోడ్డు మీద లాంగ్‌బోర్డ్ (పొడవాటి స్కేట్‌బోర్డ్) పంప్ అవ్వట్లేదు

కిందా మీదా ఊగితే ఇక్కడ ఏమీ రాదు, ఎదురుతన్నే వంపు లేదు కదా. ఆ వంపుని మీరే పక్కలకు మలుపులు తిప్పి పుట్టించాలి: భుజాలు ముందు తిరగాలి, వెనకే నడుము, ఆ తర్వాత పాదాలు, మలుపు బిగిసిన చోట తొయ్యాలి. బోర్డు మొండిగా ఉండి అసలు తిరగకపోతే ట్రక్ (బోర్డు కింద చక్రాల్ని పట్టి ఉంచే లోహపు భాగం) మధ్యలో ఉండే పెద్ద నట్టుని పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ చూడండి, వేగంలో బోర్డు వణకడం మొదలైతే ఒక పావు వెనక్కి బిగించండి. చక్రాలు కూడా చూసుకోండి, స్కేట్ పార్కు కోసం చేసిన 99ఏ (అంకె పెరిగేకొద్దీ చక్రం గట్టిదన్నమాట) లాంటి గట్టి చక్రాలతో గరుకు రోడ్డు మీద పంప్ చేయడం నరకం, 78ఏ దగ్గర్లో ఉండే మెత్తటివి వేసుకోండి.