సిలికాన్ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఎలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి ఎం.ఎస్సీ. ప్రాజెక్టు గ్రాఫులు పట్టుకొచ్చే పిల్లలను ఏళ్లుగా చూస్తున్నాను. తప్పు ఎప్పుడూ ఒక్కచోటే దొర్లుతోంది.

మామూలు ల్యాప్‌టాప్, లైనక్స్, పదార్థంలో ఎలక్ట్రాన్ల లెక్కలు కట్టే, ఉచితంగా దొరికే క్వాంటమ్ ఎస్ప్రెస్సో సాఫ్ట్‌వేర్ చాలు. మొదటి లెక్క సిలికాన్ మీదే చేయాలి. జవాబు ముందే తెలిసిన పదార్థంతో చెయ్యి తిరిగేదాకా కొత్తది ముట్టుకోవద్దు.

లాటిస్ (స్ఫటికంలో పరమాణువుల అల్లిక) పొడవు 5.43 ఆంగ్‌స్ట్రామ్‌లు, సెల్‌లో, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గడిలో, రెండు పరమాణువులు. కేంద్రకాన్నీ లోపలి ఎలక్ట్రాన్లనూ కలిపి ఒక్కటిగా చూపే ఫైలు సూడోపొటెన్షియల్; అది నార్మ్-కన్సర్వింగ్ రకమే కావాలి. ఎలక్ట్రాన్ల అమరిక కుదురుకునేదాకా మళ్లీ మళ్లీ తిప్పే ఎస్‌సీఎఫ్ లెక్కకు 8×8×8 కే-పాయింట్లు (ఎలక్ట్రాన్ తరంగాల కోసం తీసుకునే నమూనా బిందువులు; వాటి గడుల వలే మెష్) సరిపోతాయి. తర్వాత ఖాళీ బ్యాండ్లు (ఎలక్ట్రాన్లు ఉండగల శక్తి వరుసలు) కలిపి, ఆ అమరికను కదపకుండా నాన్-ఎస్‌సీఎఫ్ లెక్క. నిండినవి నాలుగే, మొత్తం ఇరవై పెట్టండి. సౌష్ఠవం పేరుతో పాయింట్లు తగ్గించకుండా ఆపే నోసిమ్, నోఇన్వ్ సెట్టింగులు రెండూ ట్రూ.

ఇక్కడ ఆగండి. శక్తికి సరిపోయింది కదా అని అదే 8×8×8 మెష్‌ను కాంతి లెక్కకూ వాడేస్తారు. మొత్తం శక్తిలో హెచ్చుతగ్గులు ఒకదానికొకటి సర్దుకుపోతాయి. కాంతి విషయంలో ఆ వెసులుబాటు లేదు. నిండిన, ఖాళీ బ్యాండ్ల మధ్య ఫోటాన్ (కాంతి కణం) శక్తికి సమానమైన తేడా ఏయే కే-పాయింట్ల దగ్గర ఉందో అవే లెక్కలోకి వస్తాయి. పాలమూరు పల్లి చేనులో నాలుగు చెట్లు పీకి, కాయలు లెక్కపెట్టి, ఎకరం దిగుబడి చెప్పేస్తే ఎట్లుంటుంది? పలచని మెష్‌తో గీసిన గ్రాఫూ అంతే.

ఒకమ్మాయి తెచ్చిన ప్రింటులో ఏడు శిఖరాలున్నాయి. ఒక్కోదానికీ పెన్సిల్‌తో బాణం గీసి, ఏ బ్యాండ్ నుంచి ఏ బ్యాండ్‌కో ఓపిగ్గా రాసింది. మెష్ పెంచి మళ్లీ చేయించాను. ఒక పెద్ద శిఖరం, దాని పక్కన చిన్న భుజం మిగిలాయి. ఆ బాణాలు చెరిపేస్తుంటే నాకే బాధనిపించింది.

బ్రాడెనింగ్ (శిఖరాలను వెడల్పు చేసే అంకె) పెంచి గ్రాఫును నున్నగా చేయొద్దు. అది గోడ పగులు మీద సున్నం వేయడమే. బ్రాడెనింగ్ 0.1 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్ట్) దగ్గర కదపకుండా ఉంచి, మెష్ 12, 16, 20, 24 అంటూ పెంచండి. అన్ని గీతలూ ఒకే కాగితం మీద వేయండి. చివరి రెండూ ఒకదానిమీద ఒకటి పడేదాకా ఆపొద్దు. 10×10×10కు 1,000 పాయింట్లయితే 20×20×20కు 8,000, అంటే ఎనిమిదింతల పని. రాత్రి పెట్టి పడుకోండి. మెష్‌ను సగం గడి జరిపి వాడితే తక్కువ పాయింట్లతోనే గీత కుదురుకుంటుంది.

ఆ తర్వాతే గ్యాప్ సంగతి, అంటే నిండిన, ఖాళీ బ్యాండ్ల మధ్య ఎడం. ఎలక్ట్రాన్ల మధ్య ప్రభావాన్ని ఉజ్జాయింపుగా లెక్కించే పీబీఈ పద్ధతిలో సిలికాన్ గ్యాప్ 0.6 ఈవీ దగ్గర వస్తుంది, అసలుది 1.17. గ్రాఫును ఆ తేడా మేరకే జరపాలి, ప్రయోగానికి అతికేదాకా లాగకూడదు. 3.4 ఈవీ దగ్గరి శిఖరం అప్పటికీ పొట్టిగానే ఉంటుంది, ఎందుకంటే ఎలక్ట్రాన్‌కూ, అది వదిలిన ఖాళీ (హోల్)కూ మధ్య ఆకర్షణ ఈ లెక్కలో లేదు. అది కావాలంటే యాంబో అనే మరో సాఫ్ట్‌వేర్‌లో, ఆ ఆకర్షణను కూడా పట్టించుకునే బెతే-సాల్‌పీటర్ లెక్క చేయాలి. మెష్ కుదరకుండా అక్కడికి దూకేవాళ్లు పెద్ద యంత్రం మీద అదే తప్పు చేస్తారు.

గ్రాఫు కింద మెష్, బ్రాడెనింగ్, ఎంత జరిపారో ఆ అంకె, మూడూ రాయండి. అవి లేని గ్రాఫు నేను చూడను.